మదనపల్లెలో ఒక ఐరిష్ కవి – మన ఇండ్లలో పాత కాగితాలు

పుస్తకాన్ని చదువుటకు గాక, చూచుటకై ప్రయాణం చేసే అలవాటు మనలో తక్కువ. రోలుగుంట ప్రాంతపు విద్యార్థులతో మదనపల్లె యాత్ర తలపెట్టినప్పుడు వారిలో పలువురి మనస్సు హార్సిలీ కొండల మీదికే పోయినది. అక్కడి ఒక కళాశాల గ్రంథాలయంలో చట్రం కట్టి ఉంచిన కాగితం ఒకటి చూడవలసి ఉన్నదని మేము చెప్పగా, ఒక విద్యార్థి నిర్మొహమాటంగా, "ఒక్క కాగితం కోసం ఇంత దూరమా సార్?" అని అడిగినాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము చెప్పదలచిన సమాధానం.

అనకాపల్లిలో రైలెక్కి తిరుపతి చేరి, అక్కడినుండి పీలేరు మీదుగా బస్సులో మదనపల్లె చేరినాము. మేము చూడబోయినది బెసెంట్ థియొసాఫికల్ కళాశాల. దానిని 1915లో అనీ బెసెంటు స్థాపించినారు. ఆ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండి ఆంగ్ల సాహిత్యం బోధించిన ఒక ఐర్లండు కవి మూలంగా, కెల్టిక్ సాహిత్యానికీ మన రాయలసీమకూ ఎవరూ ఊహించని బంధుత్వం ఏర్పడినది. ఆయన పేరు జేమ్స్ కజిన్స్.

ముందుగా కెల్టిక్ అనగా నేమో తెలిసికొందము. ఒకప్పుడు యూరపు ఖండంలో విస్తారంగా వ్యాపించిన కెల్టు జాతుల భాషలు కాలక్రమాన పడమటి అంచులకు ఒదిగిపోయినవి. ఐర్లండులోని ఐరిష్, స్కాట్లండులోని గేలిక్, వేల్సులోని వెల్ష్, ఫ్రాన్సు తీరంలోని బ్రెటన్ ఈ కుటుంబానికి చెందినవి. వీనిలో ఐరిష్ భాషకు మిక్కిలి పురాతనమైన వ్రాత సంప్రదాయం ఉన్నది. మొదట వారు రాతి అంచుల మీద గీతలు చెక్కి అక్షరాలుగా వాడినారు. ఆ లిపిని ఓగమ్ అంటారు. తరువాత క్రైస్తవ మఠాలలో దూడచర్మం మీద రంగులతో గ్రంథాలు వ్రాసినారు. సుమారు క్రీ.శ. 800 నాటి 'బుక్ ఆఫ్ కెల్స్' ఆ కళకు శిఖరం. అది నేడు డబ్లిన్ లోని ట్రినిటీ కళాశాలలో ఉన్నది.

ఇంతటి అక్షర సంపద గల జాతి ఒక దశలో తన భాషనే పోగొట్టుకొనే స్థితికి వచ్చినది. పరపాలనలో ఆంగ్లం అధికార భాష అయినది. 1845లో మొదలైన బంగాళాదుంప కరవులో సుమారు పది లక్షల మంది మరణించినారు. మరి పది లక్షలకు పైగా జనం దేశం విడిచినారు. ఆ పోయిన వారిలో ఐరిష్ మాట్లాడే పల్లె ప్రజలే ఎక్కువ. 19వ శతాబ్ది చివరకు విద్యావంతులు కండ్లు తెరచి చూచునప్పటికి తాతల కథలు చెప్పగల ముసలివారు కొద్దిమందే మిగిలినారు. 1893లో భాషోద్ధరణకై గేలిక్ లీగు ఏర్పడినది. యేట్సు, లేడీ గ్రెగరీ, ఏ.ఈ. అనే కలం పేరు గల జార్జి రస్సెల్ వంటి వారు పాత గాథలను వెదకి తీసి, వాటితో కొత్త కావ్యాలూ నాటకాలూ వ్రాసినారు. దీనినే ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనం అంటారు. పోయిన దానికై ఏడ్చుట మాని, మిగిలిన దానిని సేకరించుటకు పూనుకొన్నారు. ఆ ఉద్యమం బలమంతా అందులోనే ఉన్నది.

జేమ్స్ కజిన్స్ 1873లో బెల్ ఫాస్టు నగరంలో పుట్టినాడు. డబ్లిన్ చేరి కవిగా, నాటక రచయితగా ఆ ఉద్యమంలో పాల్గొన్నాడు. పాత గాథల ఆధారంగా ఆయన వ్రాసిన నాటకాలు 1902లో ప్రదర్శింపబడినవి. 1904లో, అప్పటికి పేరు రాని యువకుడైన జేమ్స్ జాయిస్ కొద్దిరోజులు కజిన్స్ దంపతుల ఇంట అతిథిగా ఉన్నాడు. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటు హక్కుకై పోరాడి జైలుకు పోయిన ధీరురాలు.

అనీ బెసెంటు పిలుపు మీద 1915లో ఈ దంపతులు మద్రాసు చేరినారు. కజిన్స్ 'న్యూ ఇండియా' పత్రికలో సాహిత్య విభాగం చూచెడివాడు. 1916 ఏప్రిల్ లో డబ్లిన్ లో తిరుగుబాటు జరిగినది. దాని నాయకులలో పియర్స్, మక్డొనా, ప్లంకెట్ అను ముగ్గురు కవులు. బ్రిటిషు ప్రభుత్వం వారిని కాల్చి చంపినది. తన మిత్రవర్గపు మనుషులు ఆ విధంగా పోయినందుకు కజిన్స్ హృదయం కదలి, వారిని ప్రశంసిస్తూ పత్రికలో వ్రాసినాడు. ఆనాటి పరిస్థితిలో అది పత్రికకే ముప్పు. ఆయన పత్రిక కొలువు విడువవలసి వచ్చినది. మదనపల్లె కళాశాలలో ఉపాధ్యాయ పదవి లభించినది.

అదే 1916లో డబ్లిన్ లో న్యాయశాస్త్రం చదువుచున్న ఒక తెలుగు విద్యార్థి, ఐరిష్ దేశభక్తులతో మెలగుచున్నాడన్న అనుమానానికి గురియై ఆ దేశం విడువవలసి వచ్చినది. బరంపురంలో పుట్టిన ఆ యువకుడే 1969లో భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి. ఒక తిరుగుబాటు ఐరిష్ కవిని తెలుగు పల్లెకు పంపినది. తెలుగు విద్యార్థిని ఐర్లండు నుండి ఇంటికి పంపినది. చరిత్రలో ఇటువంటి ముడులు పుస్తకాల మూలనే దొరుకుతవి.

ఇక మేము చూడబోయిన కాగితం సంగతి. 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ యాత్రలో అలసిన రవీంద్రనాథ ఠాకూరు, కజిన్స్ ఆహ్వానం మీద మదనపల్లె వచ్చి కొన్ని దినాలు విశ్రమించినాడు. ఒక సాయంకాలం విద్యార్థుల సభలో తాను రచించిన వంగ గీతం పాడి వినిపించినాడు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడబడిన ఆ గీతమే, 1950 జనవరి 24న మన జాతీయగీతంగా స్వీకరింపబడిన 'జనగణమన'. విద్యార్థులు పల్లవి అందుకొన్నారు. మార్గరెట్ కజిన్స్ ఆ రాగాన్ని పాశ్చాత్య స్వరలిపిలో పొందుపరచినది. 1919 ఫిబ్రవరి 28 తేదీతో ఠాకూరు ఆ గీతాన్ని ఆంగ్లంలోనికి అనువదించి, 'భారత ప్రభాత గీతం' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టి, స్వహస్తంతో వ్రాసి ఇచ్చినాడు. అది ఆ కళాశాల ప్రార్థనాగీతం అయినది. తరువాతి కాలంలో దానిని జాతీయగీతంగా స్వీకరించవలెనని కోరిన తొలి వారిలో కజిన్స్ ఒకడు.

చట్రంలోని ఆ దస్తూరీ ముందు మా విద్యార్థులు నిలబడినారు. దూరం గురించి ప్రశ్నించిన విద్యార్థి అందరికన్న ఎక్కువసేపు చూచినాడు. "ఈ పాట మనం చిన్నప్పటినుండి పాడుతున్నాము గదా సార్, దీనిని ఒక మనిషి కూర్చొని చేతితో వ్రాసినాడని ఎన్నడూ తోచలేదు" అన్నాడు. అరుదైన పుస్తకాలను చూచుట ఎందుకో ఆ మాటలోనే తేలిపోయినది. అచ్చు పుస్తకం మనకు విషయం చెబుతుంది. చేతివ్రాత ప్రతి, ఆ విషయం పుట్టిన గదిలోనికి మనలను తీసికొనిపోతుంది.

కజిన్స్ దంపతులు ఈ దేశంలోనే స్థిరపడినారు. మార్గరెట్ 1917లో అడయారులో భారత మహిళా సంఘం స్థాపకులలో ఒకరు. 1927లో పూనాలో మొదలైన అఖిల భారత మహిళా మహాసభకు మూలకారకురాలు. ఆర్డినెన్సులను నిరసించి 1932లో వెల్లూరు జైలులో ఉన్నది. 1954లో అడయారులో కన్నుమూసినది. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే మరణించినాడు. బెల్ ఫాస్టులో పుట్టిన కెల్టిక్ కవి చివరి శ్వాస మన రాయలసీమ గాలిలో కలిసినది.

ఆ గ్రంథాలయం నుండి వెలుపలికి వచ్చిన తరువాత విద్యార్థులు మరొక ప్రశ్న వేసినారు: ఏ పుస్తకాన్ని అరుదైనది అనవలెను? కేవలం పాతదైతే చాలునా? చాలదు. వేలకొలది ప్రతులు మిగిలి ఉన్న పాత పుస్తకం అరుదైనది కాదు. ప్రపంచంలో ఒకటే ప్రతి ఉన్నది, నిన్న వ్రాసినదైనా, అరుదైనదే. రచయిత చేతివ్రాత, మొదటి ముద్రణ, అంచుల మీద చదువరి వ్రాసిన వ్యాఖ్య, ఒక కాలపు కాగితం, సిరా, అట్టకట్టు – వీనిలో ఏది ఉన్నా ఆ ప్రతి సాక్ష్యం అవుతుంది. సాక్షి చనిపోతే ఆ సాక్ష్యం మరల రాదు.

ఇటువంటి సాక్ష్యాలు పోగుచేసిన మరొక కెల్టిక్ దేశీయుడిని మన తెలుగువారు మరువరాదు. ఆయన కల్నల్ కాలిన్ మెకంజీ. నేటికీ గేలిక్ మాట్లాడే లూయిస్ దీవిలోని స్టోర్నొవే పట్టణం ఆయన జన్మస్థలం. సర్వే ఉద్యోగిగా దక్షిణదేశమంతా తిరిగి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు. ఏలూరు వాస్తవ్యులైన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి మొదలైన పండితుల సహాయంతో గ్రామాల చరిత్రలు, శాసనాల నకళ్లు, తాళపత్రాలు, నాణెములు సేకరింపజేసినాడు. కరణాల వద్ద నున్న కవిలెలనుండి వ్రాయించిన గ్రామ వృత్తాంతాలను కైఫియతులు అంటారు. మెకంజీ 1821లో మరణించినాడు. ఆయన సేకరణలో పెద్ద భాగం నేడు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నది. ఈనాడు తెలుగు పల్లె చరిత్ర వ్రాయబూనిన వారికి ఆ కైఫియతులే దిక్కు.

ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఒక్క మాట. కైఫియత్ అన్న మాట మీకు కొత్త కాదు. స్థితి, వృత్తాంతం అని దాని అర్థం. కాగితం అన్న తెలుగు మాట ఫారసీ కాగజ్ నుండి, కలం అన్నది అరబ్బీ ఖలమ్ నుండి వచ్చినవి. తెలుగు కరణం ఫారసీ పేరు గల కాగితం మీద, అరబ్బీ పేరు గల కలంతో, తన గ్రామం కథ తెలుగులో వ్రాసినాడు. దానిని గేలిక్ దీవివాడొకడు భద్రపరచినాడు. ఇందులో ఎవరిది ఎవరికి పరాయి?

ఇప్పుడు ఈ కథను తిరుగవేసి చూడండి. ఐర్లండు కవి మన వద్దకు వచ్చినట్లే మన ప్రాచ్య గ్రంథాలు ఐర్లండు చేరినవి. అమెరికాలో పుట్టి గనుల వ్యాపారంలో ధనం గడించిన చెస్టర్ బీటీ అనే సేకర్త 1950లో డబ్లిన్ కు తరలిపోయినాడు. తన గ్రంథ సంపదను ప్రజలకు వదలి 1968లో మరణించినాడు. ఆ సంగ్రహాలయం 2000 సంవత్సరం నుండి డబ్లిన్ కోటలో ఉన్నది. మేము దానిని కండ్లార చూడలేదు. అచ్చు పటాలలో చూచి ఆశ్చర్యపడినాము. అందులో ఇబ్నుల్ బవ్వాబ్ అనే మహా లేఖకుడు హిజ్రీ 391లో, అనగా క్రీ.శ. 1000–1001లో, బాగ్దాదులో వ్రాసిన ఖురాన్ ప్రతి ఉన్నది. యోగవాసిష్ఠానికి ఫారసీ అనువాదం, అక్బరు కాలంలో 1602 నాటి చిత్రాలతో కూడినది, ఉన్నది. గోరువంకతో నిలిచిన యోగిని చిత్రం, మన దక్కనులోని బిజాపూరు చిత్రకారుని పనితనం, ఉన్నది. సంస్కృత వేదాంతాన్ని ముస్లిం పాదుషా చదువగోరినాడు. ముస్లిం సుల్తానుల దక్కనులో చిత్రకారుడు యోగినిని గీసినాడు. వానిని కెల్టిక్ రాజధాని కాపాడుచున్నది. భాషనే పోగొట్టుకొనబోయిన దేశానికి ఒక్కొక్క ఆకు విలువ తెలిసి ఉండుటలో వింత లేదు.

తిరుగు ప్రయాణంలో రైలు నెల్లూరు దాటిన తరువాత ఒక విద్యార్థిని మెల్లగా చెప్పిన సంగతి మాకు నిద్ర రానీయలేదు. "సార్, మా నానీ పెట్టెలో చేతివ్రాత పుస్తకాలు నాలుగైదు ఉన్నవి. చెదలు పట్టినవని మామూజాన్ వాటిని వచ్చే నెలలో ఠండా చేయించుదమంటున్నారు." మన ఇండ్లలో శిథిలమైన పవిత్ర గ్రంథాన్ని తొక్కుడు పడనీయక గౌరవంతో భూమిలో పూడ్చడం గాని, పారే నీటిలో విడువడం గాని ఆచారం. దానినే ఠండా చేయుట అంటారు. ఆ ఆచారంలో భక్తి ఉన్నది. దానిని మేము తప్పు పట్టము. కాని ఆ మూటలో పవిత్ర గ్రంథంతో బాటు ఇంకేమేమి పోవుచున్నవో ఎవరూ విప్పి చూడరు.

మేము ఈ మాట ఇతరులను ఎత్తిచూపుటకు చెప్పుట లేదు. ఆ తప్పు మా చేతనే జరిగినది. మా తాతగారు రోలుగుంట పరిసరాలలో నాటువైద్యం చేసెడివారు. మన్యపు అంచున దొరికే వేళ్లు, ఆకులు, బెరళ్ల పేర్లు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టినారు. పేర్లు తెలుగు, అక్షరాలు ఉర్దూ. మాకు పదునైదేండ్లు ఉన్నప్పుడు పెద్దలు ఒక మూట ఇచ్చి ఏటిలో విడిచి రమ్మన్నారు. మూటలో ఆ పుస్తకం ఉన్నదని మాకు తెలుసు. చినిగిపోయినది, ఎవరికి పనికివచ్చునని మేమే విడిచినాము. కళాశాల చదువులో భాషాశాస్త్రం చేపట్టిన తరువాత గాని ఆ పుస్తకం ఏమో మాకు బోధపడలేదు. ఆ మందుల పేర్లు మరల చెప్పగల మనిషి మా ఇంట నేడు లేడు.

కనుక విద్యార్థులారా, మీ ఇంటి పెట్టె తెరచునప్పుడు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనండి. విడువక ముందు విప్పి చూడండి. పవిత్ర గ్రంథాన్ని మీ పెద్దల ఆచారానికి వదలి, ఉత్తరాలు, దస్తావేజులు, లెక్కలు, వైద్యపు పుస్తకాలు, కవితల నోటు పుస్తకాలు వేరు చేయండి. చినిగిన చోట జిగురు టేపు అంటించకండి. ఆ జిగురు కొంతకాలానికి కాగితాన్ని మరక చేసి తినివేస్తుంది. తడిసిన కాగితాన్ని ఎండలో పెట్టక నీడలో గాలికి ఆరనీయండి. చలువ చేసిన నూలుగుడ్డలో చుట్టి, నేలకు గోడకు తగులకుండ ఎత్తున ఉంచండి. 19వ శతాబ్ది మధ్య నుండి చెక్కగుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉన్నందున అది పసుపు బారి పెళుసెక్కుతుంది. దానిని మడతలు పెట్టరాదు. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పూయుట పూర్వులు ఎరిగిన ఉపాయం. నేడు ప్రతి ఇంట చేతి ఫోను ఉన్నది. వెలుతురులో ప్రతి పుటకూ ఫొటో తీసిన యెడల, మూలం పోయినా మాట మిగులుతుంది. అన్నిటికన్న ముఖ్యం: అది ఎవరిది, ఏ ఊరిది, ఎవరు వ్రాసినది అని మీ నానీనో దాదీనో అడిగి ఒక చీటీ మీద వ్రాసి లోపల పెట్టండి. పుస్తకం మిగిలినా దాని ఊరు పేరు పోయిన యెడల సగం పోయినట్లే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మన గ్రంథాలయంలో తాళం గల ఒక బీరువా, ఒక రిజిస్టరు కావలెను. పుస్తకం ఇచ్చిన ఇంటివారి హక్కు వారిదే. కోరిన నాడు తిరిగి ఇవ్వవలెను. ఉర్దూ అధ్యాపకులు, తెలుగు అధ్యాపకులు కలిసి కూర్చుంటే గాని చదువలేని పుస్తకాలు ఈ ప్రాంతపు ఇండ్లలో ఉన్నవి. రెండు భాషల వారు ఒకే కప్పు క్రింద ఉన్న మన కళాశాలకు ఇది తగిన పని. అందుకు అయ్యే ఖర్చు ఒక యాత్ర ఖర్చు కన్న ఎక్కువ కాదు.

ఆ విద్యార్థిని నానీగారిని మేము కలిసినాము. మొదట ఆమె సందేహించినారు. మా తాతగారి పుస్తకం కథ విన్న తరువాత పెట్టె తాళంచెవి కొంగు ముడినుండి విప్పి మనుమరాలి చేతికి ఇచ్చి, "చూడండి నాయనా, చూచి మరల ఇక్కడే పెట్టండి" అన్నారు. మూటలో రెండు పుస్తకాలు చెదలకు పూర్తిగా బలియైనవి. మూడవది పెండ్లి పాటల పుస్తకం. ఒక పుట ఉర్దూ, ఎదుటి పుట తెలుగు. పాడినవారి పేర్లు అంచులలో ఉన్నవి. ఆ పేర్లలో ఒకటి నానీగారి తల్లిది. మనుమరాలు ఆ పేరు చదివి వినిపించగా ఆమె చాలాసేపు ఏమియు మాట్లాడలేదు.

ఒక్క కాగితం కోసం ఇంత దూరమా అని అడిగిన విద్యార్థి ఆ పుస్తకపు పుటలను ఇప్పుడు ఒక్కొక్కటిగా ఫొటో తీయుచున్నాడు.